పాకలో ఫాగర్లు పెట్టి నాలుగు వేసవులు

మాది ఒంగోలుకూ కొత్తపట్నానికీ మధ్య ఊరు. రెండు హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడి జాతి) క్రాస్ ఆవులు, ఒక జెర్సీ క్రాస్, రెండు ముర్రా గేదెలు. 2022 మార్చిలో రేకుల పాకలో ఫాగర్లు, అంటే నీళ్లను మంచులాంటి సన్నటి తుంపరగా చిమ్మే నాజిళ్లు, పెట్టించాను. 12 నాజిళ్లు, మోటారు, ఫిల్టరు, పైపులు, కూలీ అన్నీ కలిపి 19 వేలు అయింది. అమ్మినాయన "ఇక ఎండాకాలం సంగతి మర్చిపోండి" అన్నాడు.

మొదటి రోజు నిజంగానే మర్చిపోయాం. స్విచ్ వేయగానే పాకంతా మంచు కమ్మింది. "ఒరే, ఊటీలా ఉందిరా" అని నాన్న అక్కడే మంచం వేయించుకున్నాడు. చల్లదనం మాకు బాగుంది సరే, ఆవుకెలా ఉందో చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆ సంగతి పశువుల డాక్టరు గారు చెప్పాకే తెలిసింది. ఆవు పక్కన నిలబడి డొక్క ఎన్నిసార్లు ఎగిరిందో అర నిమిషం లెక్కపెట్టి, దాన్ని రెట్టింపు చేయమన్నారు. నిమిషానికి 60 దాటితే వేడి పట్టినట్టే. 80 దాటి, నోరు తెరిచి చొంగ కారుస్తుంటే ఇక ఆలస్యం చేయొద్దన్నారు. అప్పటి నుంచి ఫోన్లో టైమర్ పెట్టుకుని లెక్కపెడుతున్నాను.

మే నెల, రోహిణి కార్తె. మధ్యాహ్నం ఒంటి గంటకు పడమటి వడగాలి వీస్తోంది. పెద్ద హెచ్ఎఫ్ ఆవుకు 88. ఫాగర్ వేసిన అరగంటకు 62కి దిగింది. బ్రహ్మాండం అనుకున్నాను. నాలుగు గంటలకు గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది. ఒళ్లంతా జిగట, ఒకటే ఉక్కపోత. ఫాగర్ తిరుగుతూనే ఉంది, లెక్క మళ్లీ 84. వీపు మీద చెయ్యి పెడితే అరచేయి తడిసింది. తీరా వెంట్రుకలు పాయ తీసి చూస్తే లోపల చర్మం పొడిగా ఉంది, వేలికి వేడిగా తగిలింది. నీళ్లన్నీ గడ్డి మీద మంచులాగా వెంట్రుకల కొసల మీదే నిలిచాయి.

విషయం ఇదీ. ఫాగర్ చల్లబరిచేది గాలిని. సన్నటి తుంపర ఆవిరైతేనే గాలి చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ తుంపర ఆరదు. ఆవుకు అది తడి దుప్పటి కప్పినట్టే, పైగా పాకలో ఉక్క ఇంకా పెరుగుతుంది. పొదిలి దగ్గర మా బావ ఇదే సెట్టు పెట్టించాడు. అక్కడ పొడి ఎండ, రోజంతా బాగానే పనిచేస్తుంది. "మీకు సముద్రమే శత్రువు బావా" అని నవ్వుతాడు.

2023లో రెండు పెద్ద ఫ్యాన్లు కొన్నాను. అప్పటి నుంచి వడగాలి ఉన్నంతసేపే ఫాగర్. గాలి తిరగగానే అది ఆపేసి, పైపుతో చర్మం దాకా నీళ్లు దిగేలా రెండు నిమిషాలు తడపడం, తర్వాత పావుగంట ఫ్యాను, మళ్లీ తడపడం. ఇలా మూడు విడతలు చేస్తే నాలుగు గంటల లెక్క కూడా 60 లోపుకి వచ్చింది. ఫ్యాన్లు రాకముందు మేలో ఆ ఆవు పాలు రోజుకు 11 లీటర్ల నుంచి 8కి పడిపోయేవి, ఇప్పుడు తొమ్మిదిన్నర దగ్గర ఆగుతున్నాయి. అంతా ఫ్యాన్ల మహిమ అనను. దాణా, పచ్చిమేత తెల్లవారుజామున ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి వేయడం కూడా అప్పుడే మొదలుపెట్టాం. మేత అరిగేటప్పుడు కడుపులో వేడి పుడుతుంది, దాన్ని మిట్టమధ్యాహ్నం ఎండకు తోడు చేయడం ఎందుకు?

గేదెలకు ఫాగర్ దండగ. నల్లతోలు, చెమట తక్కువ. వాటికి కావలసింది ఒంటి మీద నీళ్లు. చెరువులో నీళ్లున్నన్నాళ్లూ అక్కడికే తోలతాం, లేకపోతే పైపే. ఇక ఎదురింటి ఒంగోలు ఎద్దు వేపచెట్టు కింద పడుకుని మా హడావుడంతా తాపీగా చూస్తుంటుంది. తెల్లటి పొట్టి వెంట్రుకలు, వేలాడే గంగడోలు, వదులు చర్మం. బ్రెజిల్ వాళ్లు ఈ జాతిని తీసుకెళ్లి నెల్లూరు పేరుతోనే పెంచుకున్నారంటే ఊరికే కాదు.

ఇబ్బందులు చెప్పాలంటే, ముందు నీళ్లు. మా బోరువి ఉప్పునీళ్లు, మూడు వారాలకే నాజిళ్లకు తెల్లటి పొక్కు కట్టేది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి విప్పి రాత్రంతా వెనిగర్లో నానబెడుతున్నాను. అయినా నాలుగేళ్లలో ఏడు నాజిళ్లు మార్చాను. రెండోది, కింద నేల ఆరదు. మొదటి ఏడాది జెర్సీకి పొదుగువాపు వచ్చింది, వైద్యానికి అయిన ఖర్చు కన్నా పారబోసిన పాలే ఎక్కువ బాధపెట్టాయి. ఆ తర్వాత నేలకు వాలు తీయించి కాలువ పెట్టించాం. మూడోది కరెంటు. సరిగ్గా ఒంటి గంటకే పోతుంది. అప్పుడు చుట్టూ కట్టిన తడి గోనెసంచులే దిక్కు. రేకుల మీద మందంగా వరిగడ్డి పరిచి ఉండకపోతే అవి కూడా చాలేవి కావు.

మొన్న మా వీధిలో ఒకాయన ఫాగర్లు కొనాలని అడగడానికి వచ్చాడు. ముందు రెండు ఫ్యాన్లు కొను, మిగిలితే నాజిళ్ల సంగతి చూద్దాం అన్నాను. ఆయన పాకకు మూడు వైపులా గోడలే. తూర్పు గోడ సగం దాకా తీసేస్తే గాలైనా ఆడుతుందన్నాను. ఇంటికెళ్లి అడిగొచ్చాడు. గోడ ముట్టుకుంటే ఊరుకోనందట వాళ్లావిడ.