జనరల్ కెమిస్ట్రీ ఆన్‌లైన్ హోంవర్క్ సేవ: ఒక సెమిస్టర్ వాడిన తరువాత

కాలేజీలో నా మొదటి సెమిస్టర్ జనరల్ కెమిస్ట్రీ కోర్సుకు పాఠ్యపుస్తకంతో పాటు ఒక ఆన్‌లైన్ హోంవర్క్ సేవకు కూడా విడిగా రుసుము కట్టవలసి వచ్చింది. కోర్సు మొత్తం మార్కుల్లో 15 శాతం ఆ హోంవర్క్‌కే కేటాయించారు కనుక, దానిని వాడాలా వద్దా అని ఆలోచించుకునే అవకాశం ఎవరికీ లేదు. ఇటువంటి సేవతో మొదటిసారి పని చేయబోయే విద్యార్థులకు అది ఏం నేర్పుతుందో, ఏం కోరుతుందో ముందుగా తెలిస్తే మేలని ఈ సమీక్ష రాస్తున్నాను. నేనైతే ఐదుకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నర లెక్కల కఠినత్వానికి కాదు, తాను ఆశించేదేమిటో ఆ సేవ ముందుగా చెప్పకపోవడానికి.

లెక్క అందరికీ ఒకటే అయినా అందులోని సంఖ్యలు మాత్రం ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క విధంగా వస్తాయి. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే స్నేహితుడి జవాబు నాకు పనికిరాదు గానీ అతను లెక్క చేసిన పద్ధతి పనికివస్తుంది, దానితో మా చర్చలన్నీ పద్ధతి చుట్టూనే తిరిగాయి. ప్రతి ప్రశ్నకు ఐదు ప్రయత్నాలు ఉంటాయి, తప్పిన ప్రతిసారీ కొంత మార్కు తగ్గుతుంది, సూచన తెరిచినా కొంత తగ్గుతుంది. ఈ కోతల వివరం సహాయ పేజీలో ఎక్కడో లోపల ఉండడం వల్ల నాకు మూడో వారంలో గానీ తెలియలేదు.

సార్థక అంకెల (కొలతలో నమ్మదగిన అంకెల) విషయంలో జరిగినదాన్ని కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా తరగతిలో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకున్నది అక్కడే. అల్యూమినియం, క్లోరిన్ కలిసి అల్యూమినియం క్లోరైడ్ ఏర్పడే చర్యలో 5.40 గ్రాముల అల్యూమినియానికి 14.2 గ్రాముల క్లోరిన్ ఇచ్చి, గరిష్ఠంగా ఎన్ని గ్రాముల ఉత్పన్నం వస్తుందని అడిగారు. గ్రాముల్లో చూస్తే అల్యూమినియమే తక్కువగా కనిపిస్తుంది, మోల్‌లలోకి (కణాల సంఖ్యను బట్టి పదార్థాన్ని కొలిచే ప్రమాణంలోకి) మారిస్తే రెండూ దాదాపు 0.200 దగ్గర సమానంగా నిలుస్తాయి. అయితే రెండు మోల్‌ల అల్యూమినియానికి మూడు మోల్‌ల క్లోరిన్ కావాలి కనుక ముందుగా అయిపోయేది క్లోరినే, అంటే లిమిటింగ్ రియేజెంట్ అదే. ఇంతవరకు నేను సరిగ్గానే చేశాను. ఏర్పడే అల్యూమినియం క్లోరైడ్ 0.1335 మోల్‌లు అని వచ్చినప్పుడు మాత్రం దానిని 0.13 అని కుదించి రాసుకుని, దాని మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ బరువు గ్రాముల్లో) 133.34తో గుణించి, 17.3 గ్రాములని నమోదు చేశాను. సరైన జవాబు 17.8 గ్రాములు. ఆ సేవ రెండు శాతం తేడా వరకు అంగీకరిస్తుంది, నా జవాబు దాదాపు 2.8 శాతం తప్పింది. రసాయనశాస్త్రం అర్థమైనవాడికీ అర్థం కానివాడికీ తెర మీద కనిపించింది ఒకే ఎర్ర గుర్తు.

మధ్య దశల్లో అంకెలు కుదించకూడదనీ, చివరి జవాబును మాత్రమే మూడు సార్థక అంకెలకు సరిచేయాలనీ ఒక్క వాక్యం అభ్యాసం పైభాగంలో ఉండి ఉంటే సరిపోయేది. ఆ తరువాత నేనొక అలవాటు చేసుకున్నాను. జవాబు పంపే ముందు ద్రవ్యనిత్యత్వ నియమంతో (చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదన్న నియమంతో) సరిచూసుకునేవాడిని: మిగిలిపోయే అల్యూమినియం 1.80 గ్రాములు, అంటే చర్యలో పాల్గొన్నది 3.60 గ్రాములు, దానికి 14.2 గ్రాముల క్లోరిన్ కలిపితే 17.8 వస్తుంది. ఇలాంటి సరిచూపును ఆ సేవ ఎక్కడా అడగదు, నేర్పదు. నా దృష్టిలో ఇది పెద్ద లోపం.

వాయువుల అధ్యాయంలో చిక్కు మరో రకంగా వచ్చింది. ప్రమాణ ఉష్ణోగ్రత, పీడనాల వద్ద ఒక మోల్ ఆదర్శ వాయువు ఘనపరిమాణం 22.4 లీటర్లని మా పాఠ్యపుస్తకం చెబుతుంది. అది 0 డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ పీడనం వద్ద లెక్క. 1982లో రసాయనశాస్త్ర ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ ప్రమాణ పీడనాన్ని ఒక బార్‌గా నిర్ణయించింది, ఆ లెక్కన ఘనపరిమాణం 22.7 లీటర్లు అవుతుంది, ఆ సేవ వాడేది ఇదే. తేడా 1.3 శాతమే గానీ, ఆ అధ్యాయంలోని కొన్ని ప్రశ్నలకు అంగీకార పరిమితి ఒక శాతమే కావడంతో పుస్తకాన్ని నమ్మినవారి జవాబు తప్పయింది. మా అధ్యాపకులకు చూపించగా ఆవిడ తరగతి మొత్తానికి ఆ మార్కులు కలిపారు. తప్పు తమది కాదని అనిపించినప్పుడు విద్యార్థులు మొహమాటపడకుండా లెక్క కాగితంతో సహా వెళ్లి అడగాలని నేను గట్టిగా చెబుతాను.

సమ్మేళనాల పేర్లు టైపు చేసే ప్రశ్నల్లో లోహం పేరుకూ, దాని ఆక్సీకరణ స్థితిని చూపే బ్రాకెట్‌కూ మధ్య ఖాళీ వదిలితే జవాబు తప్పు అవుతుంది. నియమం ప్రకారం ఖాళీ ఉండకూడదన్నది నిజమే, కానీ తప్పు ఎక్కడుందో చెప్పడానికి ఒక్క మాట చాలు. లూయీ నిర్మాణాలు (అణువులోని బంధాలనూ ఎలక్ట్రాన్లనూ చూపే బొమ్మలు) గీసే పరికరం కూడా అంతే. నైట్రేట్ అయాన్‌లో 24 వేలన్సీ (బాహ్య కక్ష్యలోని) ఎలక్ట్రాన్లను సరిగ్గా లెక్కపెట్టి, బంధాలన్నీ గీసి, ఒక ఆక్సిజన్ మీద ఒంటరి జంటను (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ల జంటను) మరచిపోతే, ఏది లోపించిందో సూచించకుండా మొత్తం గీతను తిరస్కరిస్తుంది.

ఇక మెచ్చుకోవలసినది. వాయు సమీకరణంలో ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చకుండా 25 అనే వేసినప్పుడు, జవాబు తప్పని మాత్రమే అనకుండా, ఉష్ణోగ్రత ప్రమాణాన్ని మరొకసారి చూడమని ఆ సేవ చెప్పింది. సమీకరణాన్ని తుల్యం చేయకుండా మోల్ నిష్పత్తి తీసుకున్నప్పుడూ అలాగే పట్టుకుంది. విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాట్లను ఎవరో ఓపికగా ఊహించి రాసిన సూచనలవి. రాత్రి పదకొండు గంటలకు అడగడానికి ఎవరూ లేనప్పుడు అటువంటి ఒక్క వాక్యం ఎంత ఆసరా ఇస్తుందో అనుభవించినవారికి తెలుస్తుంది. ఆ ఓపిక అన్ని అధ్యాయాలకూ సమానంగా దక్కలేదన్నదే నా బాధ.

హోంవర్క్‌కూ పరీక్షకూ మధ్య ఉన్న ఎడం గురించి కూడా చెప్పాలి. పరీక్ష కాగితం మీద జరుగుతుంది, అక్కడ ప్రతి దశకూ మార్కులుంటాయి, ప్రమాణాలు రాయకపోతే మార్కులు పోతాయి. ఈ సేవ చివరి సంఖ్యను మాత్రమే చూస్తుంది. మొదటి పరీక్షకు ముందు నా హోంవర్క్ మార్కులు నూటికి తొంభై పైనే ఉన్నా, పరీక్షలో అరవై రెండు వచ్చాయి, ఎందుకంటే కాలిక్యులేటర్‌లో అంకెలు మార్చి మార్చి ఐదు ప్రయత్నాల్లో జవాబు పట్టుకోవడానికి అలవాటు పడ్డాను తప్ప, తార్కికంగా వరుసలు రాయడానికి కాదు. జవాబులు వెతికి పెట్టే సాధనాల మీద ఆధారపడిన ఇద్దరు మిత్రుల పరిస్థితి ఇంకా కష్టమైంది. రెండో పరీక్ష నాటికి ప్రతి లెక్కనూ ముందు నోటుపుస్తకంలో ప్రమాణాలతో సహా పూర్తిగా రాసి, ఆ తరువాతే తెర మీద నమోదు చేయడం మొదలుపెట్టాను. వారానికి రెండు గంటల పని నాలుగు గంటలైంది, పరీక్ష మార్కులు ఎనభై దాటాయి.

అభ్యాసం పైభాగంలోనే అంగీకార పరిమితి, వాడవలసిన స్థిరాంకాలు, కుదింపు నియమం, మార్కుల కోత చూపిస్తే ఈ సేవకు నేను మరో మార్కు ఇచ్చేవాడిని. చివరిగా ఒక విషయం గమనించండి: సెమిస్టర్ ముగియగానే ఖాతా మూతపడింది, నేను చేసిన లెక్కలేవీ మళ్లీ చూడడానికి వీల్లేకుండా పోయింది. రెండో సెమిస్టర్‌లో రసాయన సమతాస్థితి అధ్యాయానికి మోల్ లెక్కలు తిరిగి అవసరమైనప్పుడు నేను తెరిచింది ఆ నోటుపుస్తకాన్నే.