పాత కారు హెడ్‌లైట్లు: రుద్దించాలా, మార్చాలా, ఎల్‌ఈడీ వేయించాలా?

దిగపొహండి దాటి తప్తపాణి ఘాట్ ఎక్కుతుంటే ఆ రాత్రి రోడ్డు అంచు కనబడలేదు. చత్వారం వచ్చిందేమోనని నాకు భయం. పొద్దున్నే చూస్తే మసకబారింది నా కళ్లు కాదు, మా 2009 వ్యాగన్ఆర్‌వి. రెండు హెడ్‌లైట్లూ పసుపు నీళ్లు పోసినట్టున్నాయి.

బరంపురంలో ముగ్గురిని అడిగాను. ఇద్దరు "ఎల్‌ఈడీ వేసేయండి బాబూ, పగలే అనుకుంటారు" అన్నారు. సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడే ముసలి మెకానిక్ మాత్రం అద్దం మీద గోరుతో గీకి చూసి, "హెబొ (అవుతుంది), రుద్దితే పోద్ది" అన్నాడు.

మనం అద్దం అంటాం గానీ అది పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద ఎండ తగలకుండా ఒక పూత ఉంటుంది. ఏళ్ల తరబడి అతినీలలోహిత కిరణాలు పడి ఆ పూత చెడిపోతే కింద ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. అంబాసిడర్‌కి నిజమైన గాజు, దానికి ఈ జబ్బు లేదు.

రుద్దడమంటే చుట్టూ టేపు అంటించి, నీళ్లు పోస్తూ 800 నంబరు వాటర్ పేపర్‌తో (గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నునుపు) మొదలుపెట్టి 1500, 2000, 3000 దాకా వెళ్లడం. మొదట పసుపు నీళ్లు దిగుతాయి, తర్వాత పాల నీళ్లు. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే ముందు పేపరు గీసిన గీతలు చివరిదాకా మిగిలిపోతాయి. ఆపైన కాంపౌండ్ అనే పాలిష్ ముద్దతో మెరుగు పెట్టడం. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, అసలు తప్పు అదే. పాత పూత మొత్తం గీకేశాక ఎండను ఆపే కొత్త పూత, అంటే యూవీ క్లియర్ కోట్, వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పసుపే. టూత్‌పేస్ట్ చిట్కా అయితే పెళ్లిచూపులకు పౌడర్ రాసినట్టు, ఆ పూటకే.

లోపలివైపు మసకబారినా, ప్లాస్టిక్‌లో సన్నని పగుళ్లు పారినా, రిఫ్లెక్టర్ వెండి ఊడినా ఎంత రుద్దినా దండగే. అప్పుడు అసెంబ్లీ, అంటే మొత్తం హెడ్‌లైట్ డబ్బా, మార్చాల్సిందే, అదీ రెండు వైపులా. చౌకరకం నకళ్లలో రిఫ్లెక్టర్ ఒంపు సరిగ్గా కుదరకపోతే వెలుగు చెట్ల మీదికి పోతుంది. పాత సామాన్ల దుకాణంలో దొరికేవి ఎక్కువగా మన వాటిలాగే పసుపువి.

ఇక ఎల్‌ఈడీ. ఈ కారుది హెచ్4 రకం హాలోజన్ బల్బు, 60/55 వాట్లు, అంటే బ్రైట్‌కి 60, డిమ్‌కి 55. అందులో డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు తొడుగు ఉంటుంది, ఎదుటివాడి కళ్లలో కొట్టకుండా కాపాడేది అదే. రిఫ్లెక్టర్‌ను ఆ ఫిలమెంట్ ఉన్న చోటును బట్టి మలుస్తారు. ఎల్‌ఈడీ చిప్ అక్కడే కూర్చోకపోతే వెలుగు చెదిరిపోతుంది. మసక అద్దం వెనక పెడితే మరీను, మనకి దారి కనబడదు, ఎదురు లారీవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఘాట్ మంచులో ఆ తెల్లని వెలుగు గోడలా తిరిగి మన మీదికే వస్తుంది. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయొద్దంటుంది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఫిట్‌నెస్ చూస్తారు, అక్కడ ఆ తలనొప్పి ఎందుకు? 100/90 వాట్ల హాలోజన్ కూడా వద్దు, పాత హోల్డర్ ఆ వేడికి కరిగిపోవచ్చు.

నన్నడిగితే రుద్దించడమే మేలు, కానీ దాంతో పాటు వైరింగ్ కూడా. ఎవరూ చెప్పని సంగతి ఇదే. ఇంజన్ నడుస్తుండగా హోల్డర్ దగ్గర మీటర్ పెట్టిస్తే, బ్యాటరీ దగ్గరకంటే దాదాపు రెండు వోల్టులు తక్కువ చూపించింది. హాలోజన్‌కి వోల్టేజి పది శాతం పడితే వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. రిలే (ఎక్కువ కరెంటు మోసే స్విచ్చి) పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించాను, తుప్పు పట్టిన ఎర్త్ వైరు బిగింపును గీకించాను, కొత్త 60/55 బల్బులు వేయించాను. బల్బు గాజును వేళ్లతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డుకి అక్కడ వేడెక్కి త్వరగా పోతుంది.

చివర్లో ముసలాయన నలుగురిని కారెక్కించి, కారును గోడకు ఎదురుగా నిలబెట్టి హెడ్‌లైట్ స్క్రూ తిప్పి డిమ్ కిందికి దించాడు. మొన్న అదే ఘాట్‌లో ఒక్క లారీవాడూ నాకు డిప్పర్ కొట్టలేదు.