డ్రయ్యర్ తిరగనప్పుడు: అనంతపురం పాతూరులోని ఒక మరమ్మతు దుకాణం

మా ఇంట్లో ఉన్నది ఏడు కిలోల సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్. కొని ఆరేళ్లు దాటింది. ఈ వేసవిలో దాని డ్రయ్యర్ మొదట ఆలస్యంగా వేగం అందుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు మూలుగుతూ నిలబడిపోసాగింది. చివరికి ఐదు నిమిషాల టైమర్ ముగిసి మూత తీస్తే దుప్పట్లు నీళ్లోడుతూనే ఉండేవి. ఉతికే తొట్టె మాత్రం ఎప్పటిలాగే పని చేసేది. సెమీ ఆటోమేటిక్ యంత్రంలో రెండు తొట్లకూ వేర్వేరు మోటార్లు ఉంటాయి కనుక అందులో వింతేమీ లేదు. ఈ యంత్రాన్ని బాగు చేసిన పాతూరులోని చిన్న దుకాణం గురించి, అంతకుముందు పిలిపించిన సర్వీసు గురించి ఇక్కడ రాస్తున్నాను.

ఎవరినైనా పిలిచే ముందు ఇంట్లో చూసుకోదగినవి చూసుకున్నాము. బట్టలు ఒకే పక్కకు చేరితే తొట్టె ఊగి గోడలకు కొట్టుకుంటుంది కనుక వాటిని చుట్టూ సమంగా సర్ది, పైన అదిమిపెట్టే ప్లాస్టిక్ బిళ్లను సరిగా కూర్చోబెట్టాము. డ్రెయిన్ పైపు మడత పడినా, దాని చివర ఎత్తులో ఉన్నా డ్రయ్యర్ అడుగున నీళ్లు నిలిచి తొట్టెను తిరగనివ్వవు. మా పైపు నేల మీదే ఉంది, నీళ్లు ధారాళంగా పోతున్నాయి. సాయంత్రం పూట మా వీధిలో వోల్టేజి పడిపోతుంది. 230 వోల్టులు ఉండవలసిన చోట పది శాతం తగ్గితే ఇలాంటి మోటారు తిప్పే బలం దాదాపు ఇరవై శాతం తగ్గుతుందని తెలుసు కనుక తెల్లవారుజామున కూడా వేసి చూశాము. ఫలితం మారలేదు.

మొదట వచ్చినది తయారీ సంస్థ తరఫున పనిచేసే సర్వీసు మనిషి. ఆయన మర్యాదస్తుడే, చెప్పిన సమయానికే వచ్చాడు. అయితే ప్లగ్ పెట్టి, మూత వేసి, ఆ మూలుగు రెండుసార్లు విని, వెనక పలక విప్పకుండానే మోటారు కాలిపోయిందని తేల్చాడు. కొత్త మోటారుకు, బిగించే కూలికి కలిపి 3,200 రూపాయలు అవుతుందని కాగితం రాసి ఇచ్చి, వచ్చినందుకు 400 రూపాయలు తీసుకొని వెళ్లాడు. వారంటీ గడువు ముగిసిన యంత్రానికి వచ్చినందుకు డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. చూడకుండానే తీర్పు చెప్పడమే నాకు నచ్చలేదు. కాలిన మోటారుకు ఒక వాసన ఉంటుంది. మా దగ్గర ఆ వాసన లేదు.

పాతూరులో ఫ్యాన్లు, మిక్సీలు, మోటార్లు చుట్టే దుకాణాలు పక్కపక్కనే ఉన్నాయి. అందులో ఒకదాన్ని నడిపే పెద్దాయన రెండు రోజుల తర్వాత, అదీ మూడుసార్లు ఫోన్ చేశాక, మా ఇంటికి వచ్చారు. వచ్చీ రాగానే ప్లగ్ తీయించారు. తొట్టెకూ బయటి గోడకూ మధ్య సందులోకి చెయ్యి పోనిచ్చి చుట్టూ తడిమారు. పిల్లల సాక్సులు, చేతిరుమాళ్లు అందులో జారి ఇరుసుకు చుట్టుకొని తొట్టెను పట్టేస్తాయట. మాకు దొరికింది ఒక తలపిన్ను మాత్రమే. తర్వాత వెనక పలక విప్పి, ఆ స్క్రూలను మా వంటింటి నుంచి అడిగి తీసుకున్న స్టీలు మూతలో వేసి పక్కన పెట్టుకున్నారు. ఆ చిన్న పని చూశాకే నాకు ఆయన మీద సగం నమ్మకం కుదిరింది.

డ్రయ్యర్ మూత కింద ఒక సన్నని తీగ ఉంటుంది. మూత వేసినప్పుడు అది లాగబడి, మోటారు ఇరుసు మీది గుండ్రని డ్రమ్ నుంచి బ్రేకు ముక్కను దూరంగా పట్టుకుంటుంది. మూత తెరిస్తే తీగ వదులై, స్ప్రింగు ఆ ముక్కను డ్రమ్‌కు అదుముతుంది. తిరుగుతున్న తొట్టె క్షణాల్లో ఆగేది అందుకే. పెద్దాయన మూత వేయించి, కింద డ్రమ్‌ను చేత్తో తిప్పబోయారు. అది గట్టిగా ఉంది. తీగ సాగిపోయి, దాని చివర తుప్పు పట్టి, మూత వేసినా బ్రేకు ముక్క డ్రమ్‌ను రాసుకుంటూనే ఉందని నన్ను వంగి చూడమన్నారు. ఆ ముక్క ఒక పక్క అద్దంలా నున్నగా మెరుస్తోంది. "మోటార్ బాగుండాదమ్మా, బ్రేకే ఇడ్సడంల్యా" అన్నారు.

తుప్పు ఎక్కడిదన్న ప్రశ్నకు కూడా ఆయన దగ్గర జవాబు ఉంది. తొట్టె అడుగున ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీలు అరిగి, నీటి చుక్కలు సరిగ్గా బ్రేకు మీదే పడుతున్నాయి. చుక్కలు జారిన దారి పొడవునా తెల్లని గీత కట్టింది. అది మా బోరు నీటి గుర్తు. తాగునీటిలో కాఠిన్యం, అంటే కరిగి ఉన్న సున్నం లాంటి లవణాలు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం కోరుతుంది, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటుంది. మా బోరు నీరు ఆ రెండో హద్దును కూడా దాటిందని పరీక్ష చేయించినప్పుడే తేలింది. పెన్న అహోబిలం జలాశయం నుంచి వచ్చే కుళాయి నీళ్లు వంటకు, తాగడానికి దాచుకొని బట్టలకు బోరు నీళ్లే వాడే ఇళ్లు ఈ ఊరిలో మాదొక్కటే కాదు.

బ్రేకు తీగ, సీలు మార్చిన తర్వాత తొట్టె తిరిగింది కానీ వేగం అందుకోవడానికి ఇంకా తటపటాయించింది. ఇక్కడితో సరిపెట్టి డబ్బు అడిగి ఉంటే నాకు తెలిసేది కాదు. ఆయన అడగలేదు. ప్లగ్ తీసినా కండెన్సర్‌లో కరెంటు నిలిచి ఉంటుందని మమ్మల్ని దూరంగా ఉండమని చెప్పి, దాన్ని ఖాళీ చేసి, మీటరు పెట్టారు. పైన 5 మైక్రోఫారడ్లు అని ఉన్న దానిలో మూడున్నర కూడా చూపలేదు. మోటారుకు మొదటి తోపు ఇచ్చేది ఆ కండెన్సరే కనుక అది నీరసిస్తే మోటారు మూలుగుతుందే తప్ప కదలదు. సర్వీసు మనిషి విన్న మూలుగు అదే.

తీగకు 90, సీలుకు 160, కండెన్సర్‌కు 130, కూలికి 350, మొత్తం 730 రూపాయలు. తీసేసిన భాగాలను అడగకముందే మా చేతికి ఇచ్చారు.

లోపాలు కూడా చెప్పాలి. ఆయన బిల్లు ఇవ్వరు. అడిగితే చీటీ మీద అంకెలు రాసి ఇచ్చారు, దాని మీద దుకాణం పేరు కానీ తేదీ కానీ లేవు. మార్చిన భాగాలకు మూడు నెలలు పూచీ అన్నారు, అదీ నోటిమాటే. రేపు సీలు మళ్లీ కారితే నా చేతిలో ఉండే ఆధారం ఆ చీటీ ఒక్కటే. సమయం విషయంలో ఆయన మాటను నమ్ముకుంటే సెలవు రోజు వృథా అవుతుంది. ఫ్రంట్ లోడ్ యంత్రాలు, బోర్డు మీద లోపసంకేతాలు చూపే పూర్తి ఆటోమేటిక్ యంత్రాలు తాను ముట్టుకోనని ఆయనే చెప్పారు కనుక అలాంటివి ఉన్నవారు వేరే చోటు చూసుకోవడం మంచిది. రెండు తొట్ల యంత్రం, ఫ్యాను, నీళ్ల మోటారు అయితే మాత్రం నేను మళ్లీ ఆయననే పిలుస్తాను, కాకపోతే మూడు రోజుల ముందే.

వెళ్లేటప్పుడు యంత్రం కింద పాత దినపత్రిక ఒకటి పరిచి, కాగితం తడిసిందంటే సీలు సరిగా కూర్చోలేదని అర్థం, వెంటనే ఫోన్ చేయమన్నారు. నాలుగు వారాలుగా రోజు విడిచి రోజు బట్టలు వేస్తున్నాము. కాగితం మీద దుమ్ము పడింది కానీ తడి లేదు.