ఏడేళ్లు వాడిన ఋతువుల డెకరేషన్ సెట్టు: గోడ మీద మిగిలినవి, అటకెక్కినవి

తెల్లటి నేల, దాని మీద తెల్లటి ఉండలు, వెనక ఆకుల్లేని కొమ్మలు. కింద "చలికాలం" అని రాసి ఉంది. 2018 డిసెంబరులో ఆ చార్టును గోడకు అంటించి, ఇదేమిటో చెప్పమని ఒకటో తరగతి పిల్లల్ని అడిగాను. ముందు వరుసలో కూర్చున్న పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "పత్తి చేను టీచర్" అంది. మిగతావాళ్లు కూడా అవునవును అన్నారు. పిల్లల తప్పేమీ లేదు. అప్పుడు మా ఊళ్లో పత్తి తీతలు నడుస్తున్నాయి, సగం మంది తల్లులు పొద్దున్నే కూలికి పోతున్నారు. తెల్లగా కనిపించేది పత్తి కాక ఇంకేమవుతుంది?

నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. ఆ ఏడాది గది కొంచెం కళగా ఉండాలని సొంత డబ్బుతో ఆన్‌లైన్‌లో ఒక "ఫోర్ సీజన్స్" సెట్టు కొన్నాను. కంపెనీ పేరు చెప్పి ప్రయోజనం లేదు. ఆ తర్వాత తోటి టీచర్లు కొన్నవాటిని కూడా చూశాను, బొమ్మలు ఇంచుమించు అవే. నాలుగు పెద్ద చార్టులు, నలభైకి పైగా అట్ట కటౌట్లు, బోర్డు చుట్టూ అంటించే బోర్డరు రెండు చుట్టలు, నెలల పేర్లు, మధ్యలో ముల్లు తిరిగే వాతావరణ చక్రం ఒకటి. ఏడేళ్లు వాడాక రాస్తున్నాను కాబట్టి కొత్త వస్తువు మీద ఉండే మోజు గానీ, డబ్బులు పోయాయన్న కోపం గానీ ఇప్పుడు లేవు.

ముందు మంచి మాట. అచ్చు బాగుంది. అట్ట మందంగా ఉంది, రంగులు ఇప్పటికీ పెద్దగా వెలవలేదు. కటౌట్ల అంచులు గుండ్రంగా కోసి ఇచ్చారు కాబట్టి పిల్లల చేతులకు గుచ్చుకోవు. మేం కత్తెరతో కోసుకునే బొమ్మలకు ఆ నునుపు రాదు.

తేడా అంతా క్యాలెండరులోనే. సెట్టు ప్రకారం అక్టోబరు ఆకురాలు కాలం, కాబట్టి ఆ నెలలో నారింజ రంగు ఆకుల తోరణం కట్టాలి. అక్టోబరులో మా బడి కిటికీ తెరిస్తే కనిపించేది ఏమిటి? గట్ల మీద తంగేడు పచ్చగా విరగబూసి ఉంటుంది, చేల పక్కన గునుగు, నిండిన చెరువు. ఏడాది మొత్తంలో మా ఊరు అంత పచ్చగా ఉండేది అప్పుడే. పిల్లలు బతుకమ్మ పూల కోసం చేల వెంట తిరిగే రోజుల్లో నేను గదిలో ఎండుటాకులు వేలాడదీశాను. మా దగ్గర ఆకులు రాలేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. మాఘ ఫాల్గుణాలను శిశిరం అన్నది ఊరికే కాదు. బడి ఆవరణలో వేపచెట్టు అప్పుడే ఆకు దులుపుతుంది, ఊడ్చినంతసేపు పట్టదు మళ్లీ నిండడానికి. ఊరి బయట మోదుగ చెట్లు ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూసేది కూడా హోలీకి ముందే.

రెండో ఏడాది ఆ తోరణాన్ని తీసి ఫిబ్రవరిలో కట్టాను. అప్పుడు కొంత పని చేసింది, కానీ ఆకులన్నీ మేపుల్ ఆకులు. "ఇది ఏ చెట్టు ఆకు?" అని అడిగితే రెండో తరగతి పిల్లాడు "ఆముదం ఆకు ఎండిపోయింది" అన్నాడు. నిజంగానే ఆ వేళ్లలాంటి చీలికలు ఆముదం ఆకును పోలి ఉంటాయి. మర్నాడు వాడే ఒక ఆముదం ఆకు తెచ్చి పక్కన పెట్టి చూపించాడు. ఆ ఏడాది జరిగిన మంచి పాఠాల్లో అదొకటి. సెట్టుకు అందులో ఎంత వాటా ఇవ్వాలో మాత్రం తేల్చుకోలేకపోయాను.

వాతావరణ చక్రం గురించి వేరుగా చెప్పాలి, డబ్బులు రాబట్టింది అదొక్కటే. ప్రార్థన అయ్యాక ఒకరు బయటికి వెళ్లి ఆకాశం చూసి వచ్చి ముల్లు తిప్పుతారు. ఎండ, మబ్బు, వాన, గాలి, మంచు అని ఐదు గడులు. ఏడేళ్లలో ముల్లుకు ఉన్న రివిట్ రెండుసార్లు ఊడింది, చొక్కా గుండీ పెట్టి కుట్టేశాను. చిక్కు వచ్చింది "మంచు" దగ్గర. మనకు మంచు అంటే పొద్దున్నే పొలాల మీద కమ్ముకునేది, గడ్డి మీద తడిగా మిగిలేది. ఆ గడిలో ఉన్నది ఆరు కోణాల హిమం బొమ్మ. జనవరిలో పిల్లలు తెల్లటి పొగమంచులోంచి నడుచుకుంటూ వచ్చి ముల్లు అక్కడికి తిప్పేవాళ్లు. బొమ్మ చూసి "ఈ చుక్కల ముగ్గేంది టీచర్?" అనేవాళ్లు. చివరికి ఆ గడి మీద తెల్ల కాగితం అంటించి, అందులో మసగ్గా కనిపించే చెట్టును రెండో తరగతి వాళ్లతోనే వేయించాను. ఇప్పుడు ఎవరికీ సందేహం రాదు.

ఆ తర్వాత నా పద్ధతి మారిపోయింది. జూన్ 12న బడి తెరిచేసరికి మృగశిర కార్తె వచ్చి నాలుగైదు రోజులై ఉంటుంది. ఇళ్లలో అందరూ "మిరుగు" అనే అంటారు, ఆ రోజు చేపలు వండుకుంటారు. కాబట్టి మా తరగతి మొదటి బోర్డు చేపలది. సెలవుల్లో ఏం తిన్నావు, చెరువులో ఏం చూశావు అని మొదలుపెడితే కొత్తగా చేరిన పిల్లలు కూడా నోరు విప్పుతారు. తర్వాత ఆరుద్ర కార్తె. తొలి వానలకు నేల మీదికి వచ్చే ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెల్లో పెట్టుకుని వస్తారు. కాళ్లు లెక్కపెట్టి, బొమ్మ గీసి, మధ్యాహ్నం లోపు వాటిని మళ్లీ గడ్డిలో వదలాలి, ఇది మా గది నియమం. ఎనిమిది కాళ్లు ఉంటాయి కాబట్టి అది సాలీడుకు చుట్టమని రెండో తరగతికి చెబుతాను. ఒకటో తరగతికి ఎనిమిది అంకె చాలు. ఆరు ఋతువుల పేర్లు ఒకటో తరగతి పిల్లలతో బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం వాళ్లకు ఒంటికి తెలిసినవి, ముందు అవి చాలు.

వానాకాలానికి గోడ మీద గొడుగు కటౌట్ల కంటే వానమాపకం మేలు. పైనుంచి కింది దాకా వెడల్పు ఒకేలా ఉండే ప్లాస్టిక్ సీసా తీసుకుని, మూతి వైపు కోసి, దాన్నే గరాటులా తలకిందులుగా పెట్టాలి. అడుగు వంపుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. పైన స్కేలు ముక్క అంటిస్తే సరి. రోజూ కొలిచిన ఎత్తును నీలం గ్లేజ్ కాగితం పట్టీగా కత్తిరించి బోర్డు మీద పక్కపక్కనే అంటిస్తాం. ఆగస్టు నాటికి అదే డెకరేషన్. మొదటిసారి మేకలు తోసేశాయి, ఇప్పుడు ఇటుకల మధ్య పెడుతున్నాం.

చలికాలానికి నీడ గీతలు. పైసా ఖర్చు లేదు. వరండా ముందు నేల పైన మీటరు ఎత్తు ఉండేలా కర్రను నిలువుగా పాతి, మధ్యాహ్నం పన్నెండు దాటాక నీడ మరీ పొట్టిదైనప్పుడు దాని కొన దగ్గర నేల మీద పెయింటుతో గుర్తు పెడతాం. మా ఊరు దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ మూడో వారంలో నీడ జానెడు కూడా రాదు, పైగా దక్షిణం వైపు పడుతుంది. డిసెంబరు మూడో వారంలో ఉత్తరం వైపు 88 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉండేది ఎండాకాలంలోనే అని ఇళ్లలో వినే మాట పిల్లలకు కొలతగా కనబడుతుంది. మా వరండాలో ఆ గుర్తులు మూడేళ్లవి ఉన్నాయి, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు చార్టుల కంటే వాటి దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు.

పండగల సామాను విషయంలో నా అనుభవం ఏమిటంటే, కొనేవి దండగ. బతుకమ్మకు నిజమైన పూలు తెస్తారు, గునుగు కొసలకు రంగులు అద్దుతారు, కాగితం పూలకు వాటి ముందు విలువ ఉండదు. సంక్రాంతికి ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా. ముగ్గు కలపక ముందే మొత్తం చుక్కలు ఎన్నో చెప్పమంటే రెండో తరగతి వాళ్లు వరుసలు కూడుకుంటూ 37 దగ్గరికి వస్తారు. రంజాన్ నెలవంక, క్రిస్మస్ నక్షత్రం ఆ ఇళ్ల పిల్లలే చేసుకొస్తారు, వాళ్ల దగ్గరే మిగతావాళ్లు నేర్చుకుంటారు.

ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే వర్క్‌షీట్లు కూడా చాలానే వాడాను. బొమ్మలు బాగుంటాయి, తెలుగు అక్షరాల దగ్గరే తంటా. ఫాంటు మారినప్పుడు ఒత్తులు పక్కకు జారిపోయి "వర్షం" కాస్తా "వరషం"లా కనబడినవి నేనే చూశాను. చదవడం అప్పుడే పట్టుబడుతున్న పిల్లకు అలాంటి కాగితం ఇవ్వకూడదు. మరీ అలంకారంగా, తోకలు తిప్పిన అక్షరాలు కూడా వద్దు. బొమ్మ మాత్రమే ప్రింట్ తీసి, పదాన్ని స్కెచ్ పెన్నుతో నేనే రాస్తాను. రంగుల ప్రింటు కూడా తీయించను. గీతల బొమ్మ అయితే జిరాక్స్ చవక, పైగా పిల్లలకు రంగులు వేసే పని దొరుకుతుంది.

ఇక మన్నిక. దీనికి నాకు కోరకుండానే ఒక పరీక్ష దొరికింది. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. మధ్యలో టీచర్లం వెళ్లినా ఆఫీసు గదిలోనే కూర్చున్నాం, తరగతి గదిని సరిగా తెరిచింది 2021 సెప్టెంబరు 1న పిల్లలు తిరిగి వచ్చేటప్పుడే. మైదా జిగురుతో అంటించిన ప్రతి చార్టునూ ఎలుకలు, వెండి పురుగులు తినేశాయి. డబుల్ టేపుతో అంటించినవి సున్నం పెచ్చులతో సహా ఊడి కింద పడ్డాయి. సున్నం కొట్టిన గోడకు ఏ టేపూ నిలవదు, వానాకాలం చెమ్మకు అసలే నిలవదు. థర్మాకోల్ అక్షరాలు పొడిపొడి అయ్యాయి. చెక్కు చెదరనివి రెండే. ఒకటి, గోడకు గోడకు కట్టిన నైలాన్ తాడు మీద బట్టల క్లిప్పులతో వేలాడదీసినవి. రెండు, చెక్క ఫ్రేముకు ముదురాకుపచ్చ గుడ్డ బిగించిన ఫ్లానెల్ బోర్డు. దుమ్ము దులిపితే కొత్తదే. కటౌట్ల వెనక గరుకు కాగితం ముక్క అంటిస్తే చాలు, ఆ గుడ్డకు పట్టుకుంటాయి. ఆరోజు నుంచి గోడకు జిగురు రాయలేదు.

లామినేషన్ గురించి అందరూ అడుగుతారు. చేయించండి, కానీ కిటికీకి ఎదురుగా పెట్టకండి. వెలుతురు పడి మెరిసిపోయి వెనక వరుసకు ఏమీ కనబడదు. పచ్చి ఆకుల్ని తొందరపడి లామినేట్ చేస్తే లోపలే నల్లబడతాయి, నావి పదహారు అలా పోయాయి. పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి పది రోజులు ఆరనివ్వాలి.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. కేంద్రం, రాష్ట్రం కలిసి బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద 31 నుంచి 100 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయల గ్రాంటు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్నచిన్న రిపేర్లు అన్నీ అందులోనే. డెకరేషన్‌కు మిగిలేది చాలా తక్కువ, కాబట్టి టీచరు పర్సు తెరవాల్సిందే. అందుకే అడుగుతున్నాను, తెరిచేముందు ఒక్కసారి కిటికీ బయటికి చూడండి.

గది నిండా అంటించాలన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. మొదటి రెండేళ్లు నాలుగు గోడలూ నింపేశాను, ఫోటోలు బాగా వచ్చాయి. పిల్లలు మాత్రం పాఠం మధ్యలో పైన ఫ్యానుగాలికి ఊగే పక్షుల్ని చూస్తూ కూర్చునేవాళ్లు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలతో ఇలాంటిదే పరీక్షించి 2014లో ప్రచురించారు. బొమ్మలతో నిండిన గదిలో పాఠం విన్నాక పిల్లల జవాబులు 42 శాతం సరైనవి, బోసి గోడల గదిలో విన్నాక 55 శాతం. చిన్న అధ్యయనమే, కానీ మా గదిలో కళ్లారా చూసినదానికి సరిపోయింది. ఇప్పుడు నల్లబల్ల ఉన్న గోడ పూర్తిగా ఖాళీ. తాడు వెనక గోడకు, ఫ్లానెల్ బోర్డు తలుపు పక్కన. వేలాడేది ఏదైనా పిల్లల కంటి ఎత్తులోనే ఉంటుంది, కాలం మారగానే దిగిపోతుంది.

నగరంలో ఇంగ్లిష్ మీడియం స్కూల్లో పనిచేస్తూ వార్షికోత్సవానికి రెండు రోజుల్లో గది సిద్ధం చేయాల్సినవాళ్లకు ఇలాంటి సెట్టు పనికొస్తుంది. అమెరికాలో వారాంతపు తెలుగు బడి నడిపేవాళ్లకైతే ఇంకా నయం, అక్కడ చాలాచోట్ల అక్టోబరు ఆకులు నిజంగానే నారింజ రంగులో రాలతాయి. మావంటి బడికి అంత సెట్టు అక్కర్లేదు, వాతావరణ చక్రం విడిగా దొరికితే అదొక్కటి తీసుకోండి. మిగతా డబ్బుకు తాడు, నాలుగు డజన్ల క్లిప్పులు, రెండు మీటర్ల ఫ్లానెల్ గుడ్డ వస్తాయి.

నా సెట్టులో చక్రం పోగా గోడ మీద ఇంకా ఉన్నది ఆ "చలికాలం" చార్టే. కింద రాసిన పేరు మీద కాగితం అంటించి "పత్తి చేను" అని రాశాం. నవంబరులో పిల్లలు గింజలతో సహా నిజమైన పత్తి తెచ్చి ఆ ఉండల మీద అతికిస్తారు. బోసి కొమ్మల కింద ఈ ఏడాది ఎవరో కూలీల ఆటో కూడా గీశారు.