రంగునీళ్ళకు ఏ ఇనుము మేలు?

బరంపురంలో మా మగ్గాల వీధిలో పట్టునూలుకు రంగు పెట్టిన రోజు కాలువ చూస్తే చాలు, ఏ రంగు చీర మొదలుపెడుతున్నారో తెలిసిపోతుంది. ఆ నీళ్ళను ఇనుముతో శుభ్రం చేయడానికి మూడు దారులున్నాయి: అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం), మాగ్నటైట్ (అయస్కాంతానికి అతుక్కునే నల్లని ఇనుప ఆక్సైడ్) నానో పొడి, నానో లోహ ఇనుము (అతి సన్నని అసలు ఇనుప పొడి).

ముందు మూడోది పక్కన పెడతాను. జంట నైట్రోజన్లున్న రంగులను అజో రంగులంటారు; లోహ ఇనుము ఆ రెండు నైట్రోజన్ల బంధాన్ని తెంపుతుంది, నీళ్ళ రంగు పోతుంది. కానీ తెగిన ముక్కలు అమైన్లనే నైట్రోజన్ పదార్థాలు, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. రంగు పోయిందని విషం పోయినట్టు కాదు. ఒడిశాలోని సుకింద క్రోమైట్ గనుల్లోలాంటి ఆరు వేలెన్సీ క్రోమియమ్‌ను (విషపు రూపాన్ని) తక్కువ హాని చేసే మూడు వేలెన్సీకి దించడానికైతే ఇదే సరైనది.

అన్నభేదికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన ముక్కలు పుడతాయి. అవి రంగునూ, దాని ముక్కలనూ కూడా చీలుస్తాయి. 1894లో రసాయన శాస్త్రవేత్త ఫెంటన్ చెప్పిన చర్య ఇదే. సరుకు చవక. చిక్కల్లా పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3 దగ్గరే బాగా నడవడం. పట్టుకు యాసిడ్ రంగులు వాడతాం కనుక మన నీళ్ళు కాస్త పులుపే, అయినా అంత పులుపు ఉండవు. ఇంకా ఆమ్లం పోయాలి, చివర్లో ఆ పులుపు విరగడానికి సున్నం వేయాలి. ల్యాబ్‌లో చేసి చూశాను: పైన తేట నీళ్ళు, అడుగున ఇటుకరంగు బురద. ఆ బురద ఎక్కడ పోయాలన్నదే నన్ను వేధించేది.

మాగ్నటైట్ కూడా పెరాక్సైడ్‌తో కలిసే పనిచేస్తుంది, కానీ ఇందులో ఇనుము నీళ్ళలో కరగకుండా చాలావరకు రేణువులోనే ఉంటుంది. గాజు గొట్టం పక్కన అయస్కాంతం పెడితే నల్లపొడి అంతా ఆ గోడకు వచ్చి అతుక్కుంటుంది. నీళ్ళు వంచేసి పొడిని మళ్ళీ వాడొచ్చు. అన్నభేది కన్నా నిదానం, దీనికీ పులుపు కావాలి, కొంత ఇనుము కరుగుతుంది కూడా. అయినా బురద బాగా తక్కువ. 2007లో చైనా శాస్త్రవేత్తలు ఈ పొడి పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లా (పెరాక్సైడ్‌తో చర్యలను వేగపరిచే జీవపదార్థంలా) పనిచేస్తుందని చూపించారు. హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప వేరు నుంచి తీసే అసలు ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది. ఈ పొడి తట్టుకుంటుంది. పొయ్యి మీంచి దించిన రంగుతొట్టి నీళ్ళకు ఆ ఓర్పే కావాలి.

ఒక్క ఇల్లే చేసుకుంటే అన్నభేది చాలు, బురద ఆరబెట్టి విడిగా దాచాలి. అయిదారిళ్ళు కలిసి తొట్టి కట్టుకుంటే నా మాట మాగ్నటైట్‌కే. ఏది వాడినా, మిగిలిన పెరాక్సైడ్ ఎంతుందో పరీక్ష కాగితపు పట్టీతో చూసి, లేదని తేలాకే నీళ్ళను కాలువలోకి వదలండి. అది చేపలకు ప్రమాదం.