మిస్సింగ్ మ్యాప్స్: కొన్నేళ్ల వాడకం తర్వాత

2014లో గినీలో ఎబోలా వ్యాపించినప్పుడు గెకెడూ ప్రాంతానికి సరైన పటం లేక వైద్య బృందాలు ఇబ్బంది పడ్డాయి. రోగిది ఏ ఊరో తెలిసినా, ఆ ఊరు ఎటు ఉందో తెలియాలి కదా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే ఎవరైనా దిద్దగల ఉచిత ప్రపంచ పటం. దాన్ని సాయం పనులకు వాడే హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ స్వచ్ఛంద సేవకులు ఉపగ్రహ చిత్రాలు చూసి అక్కడి ఇళ్లు, దారులు గీసిపెట్టారు. అదే ఏడాది నవంబరులో ఆ సంస్థ, డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్, అమెరికన్, బ్రిటిష్ రెడ్‌క్రాస్‌లు చేతులు కలిపి మిస్సింగ్ మ్యాప్స్ మొదలుపెట్టాయి. విపత్తు వచ్చాక పరుగులు పెట్టకుండా ముందే పటాలు సిద్ధం చేయడం దీని ఉద్దేశం. సేవకుడిగా చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి నిక్కచ్చిగానే చెబుతాను.

టాస్కింగ్ మేనేజర్ వెబ్‌సైట్‌లో ప్రాంతాన్ని చిన్న చదరాలుగా విడగొడతారు. మనం ఒకటి తీసుకోగానే అది మన పేర తాళం పడుతుంది, ఇంకొకరు అదే ఇంటిని మళ్లీ గీయరు. ఇంటి మూలల్లో నాలుగు చుక్కలు పెట్టి కీబోర్డులో క్యూ అక్షరం నొక్కితే గోడలు లంబంగా సర్దుకుంటాయి. కొత్తవారికి బ్రౌజర్‌లోని ఐడీ అనే ఎడిటర్ చాలు. ఇళ్లు కిక్కిరిసిన చదరమైతే నా పాత ల్యాప్‌టాప్‌లో అది నత్తనడక నడిచేది. జేఓఎస్‌ఎం అనే కంప్యూటర్ ఎడిటర్ దించుకున్నాక ప్రాణం కుదుటపడింది.

అసలు తంటా ఒకరు గీసినదాన్ని ఇంకొకరు సరిచూడటంలో ఉంది. 2015 నేపాల్ భూకంపం, 2023 తుర్కియే–సిరియా భూకంపం వంటివి వార్తల్లోకి రాగానే కొత్తవారు వెల్లువెత్తుతారు. ఉత్సాహం మంచిదే. కానీ గుండ్రటి గుడిసెను చదరంగా, గడ్డివామును ఇల్లుగా గీసిపోతే దిద్దడానికి అనుభవజ్ఞులు తక్కువ. పైగా రెండు ఉపగ్రహ చిత్రాల్లో ఒకే ఇల్లు కొన్ని మీటర్లు అటూ ఇటూ కనిపిస్తుంది, కొండ ప్రాంతాల్లో మరీనూ. ఏ చిత్రాన్ని నమ్మాలో ప్రాజెక్టు సూచనల్లో రాసి ఉంటుంది. చదివేవారేరీ?

పైకప్పుల మీద ఊరి పేరు రాసి ఉండదు. నేపాల్‌లో కాఠ్‌మాండూ లివింగ్ ల్యాబ్స్ భూకంపానికి ముందే బడులు, ఆసుపత్రుల వివరాలు పటంలో చేర్చి ఉంచింది కాబట్టే దూరాన ఉన్నవారి గీతలు అక్కరకొచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు విజయవాడలో డ్రోన్లతో ఆహారం పంపారు. సాయం అడిగేవారు చెప్పే గుర్తులేమో గుడి పక్క సందు, ఫలానా అపార్ట్‌మెంట్ వెనుక వీధి. వాటిని పటంలో పెట్టాల్సింది ఆ వీధివాళ్లే. ఆండ్రాయిడ్ ఫోనులో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వేసుకుని నడిస్తే ఆ పని తేలిక.

ఇలా చేరిన సమాచారమంతా ఉచితం. ఎక్స్‌పోర్ట్ టూల్ ద్వారా దించుకుంటే నెట్ లేని చోట జీపీఎస్ పరికరంలోనూ పనిచేస్తుంది. క్షేత్రంలో తిరిగేవారికి నిజంగా కావలసింది అదే.

నా మార్కులు అయిదుకు నాలుగు. కోసిన ఆ ఒక్కటీ సరిచూడటంలో జాప్యానికి. మొదలుపెట్టేవారు మౌస్ కొనుక్కోండి, టచ్‌ప్యాడ్‌తో ఇళ్లు గీస్తే వేళ్లు నొప్పులే మిగులుతాయి.