పడమటి కిటికీకి షట్టరా, బ్లైండా?

మా పడకగది కిటికీ పడమర వైపు ఉంది. ఇల్లు కట్టించేటప్పుడు వాస్తు చూశాం, గాలి చూశాం, ఎదురింటి వాళ్ళ చూపు పడుతుందేమో కూడా చూశాం. ఎండ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. విజయవాడలో ఆ రోజుల్లో సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో మంచం కోళ్ళు కూడా చేతికి వేడిగా తగులుతాయి. అడ్డు కట్టక తప్పదనుకున్నప్పుడు ముందుకొచ్చినవి రెండు: కిటికీ లోపలి వైపు పైనుంచి దించుకునే తెర, అంటే బ్లైండు; బయటి వైపు చెక్క షట్టరు. రెండూ వేయించాను. మొదటిది పనికిరాదని తేలాక రెండోది.

షట్టర్ అనగానే మనకు కిరాణా కొట్టు ముందు గడగడమంటూ దిగే ఇనప రేకు గుర్తొస్తుంది. నేను చెబుతున్నది అది కాదు. చెక్క చట్రంలో ఏటవాలుగా సన్నటి పట్టీలు బిగించిన కిటికీ రెక్కలు. పాత బంగళాల్లో, పుదుచ్చేరి ఫ్రెంచి వీధుల్లో చూసే ఉంటారు.

బ్లైండ్ల కుర్రవాడు ఫోను చేసిన మర్నాడే గుడ్డ ముక్కల పుస్తకం పట్టుకుని వచ్చాడు. వెలుగు పూర్తిగా ఆపే ముదురు కాఫీ రంగు గుడ్డ ఎంచుకున్నాను. 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కిటికీ. మొత్తం 3 వేల లోపే అయింది, అరగంటలో బిగించి వెళ్ళిపోయాడు. పూసల గొలుసు లాగితే గది చీకటి. చాలా సంతోషించాను.

ఆ సంతోషం సాయంత్రం దాకానే. నాలుగున్నరకు గుడ్డకూ గాజుకూ మధ్య చెయ్యి పెట్టి చూశాను. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు వేడి కొట్టింది. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. ఎండ గాజులోంచి సులువుగా లోపలికి వస్తుంది. ఆ ఎండ తాగి వేడెక్కిన గుడ్డ వదిలే వేడి మాత్రం గాజులోంచి అంత సులువుగా బయటికి పోదు. ఇక అది వెళ్ళేది గదిలోకే. దొంగ ఇంట్లోకి వచ్చాక తలుపు వేసుకున్నట్టయింది నా పని. గాజు వైపు తెల్లగా ఉండే గుడ్డ తీసుకుని ఉంటే కొంత ఎండ వెనక్కి తిరిగి పోయేది. నేను కాఫీ రంగు తీసుకున్నాను, ఎవరిని అనాలి?

గాలి సంగతి ఇంకో బాధ. బ్లైండు దించితే గాలి ఆగుతుంది, కిటికీ తెరిస్తే గుడ్డ చట్రానికి టపటపా కొట్టుకుంటుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ చప్పుడు వింటూ పడుకోవడం కంటే మేడ మీదికి పోవడం నయం.

అలాగని బ్లైండ్లను తీసిపారేయడం న్యాయం కాదు. ఎండ పడని గదికి, టీవీ గదికి, పగలు నిద్రపోవాల్సిన నైట్ డ్యూటీ వాళ్ళకు అవే మేలు. దుమ్ము దులపడం తేలిక. కానీ వంటింటికి మాత్రం సన్నటి అల్యూమినియం పట్టీల రకం వద్దు. పోపు పొగ, వీధి దుమ్ము కలిసి ఒక్కో పట్టీ మీద జిగురు పేరుకుంటుంది, ఒక్కోదాన్నీ విడివిడిగా తుడవాలి. పసిపిల్లలున్న ఇంట్లో గొలుసు కిందికి వేలాడకుండా గోడకు క్లిప్పు కొట్టించాలి. మెడకు చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక షట్టర్లు. మా వడ్రంగి కొలతలు తీసుకుంటూ, "ఈ రోజుల్లో ఇవెవరు చేయించుకుంటున్నారమ్మా?" అన్నాడు గానీ ఆయన మొహంలో ఉత్సాహం దాగలేదు. పట్టీలు తిరిగేలా చేయించాలని నాకు ఆశ. ఆయన ఒప్పుకోలేదు: "కదిలేవి పెడితే వాటిని తిప్పే పుల్ల రెండేళ్ళకు ఊడిపోతుంది. బిగించినవే ఉంచండి." వింటే మంచిదైంది. పట్టీ కిందికి వాలేది బయటి వైపు, కాబట్టి వాన నీరు బయటికే జారుతుంది. ఒక్కో పట్టీ బయటి అంచు, దాని కింది పట్టీ లోపలి అంచు కంటే అరంగుళం దిగువకు రావాలని ఆయన అడ్డకర్ర పెట్టి మరీ చూసుకున్నాడు. అస్తమించే సూర్యుడు కంటికి ఎదురుగా వచ్చేస్తాడు. ఆ అరంగుళం లేకపోతే ఎండ సన్నటి చారలుగా నేరుగా మంచం మీద పడుతుంది. పైన సన్ షేడ్ ఉందిగా అంటారేమో, అంత వాలిన పొద్దును సన్ షేడ్ ఏమీ చేయలేదు.

ఫలితం? గాజు మీద అసలు ఎండే పడదు. గాజు తెరిచి, షట్టరు మూసి ఉంచితే వెలుగు మసకగా, గాలి ధారాళంగా వస్తాయి. వడగాలి వీచే మధ్యాహ్నం మాత్రం గాజు కూడా మూయాల్సిందే.

ఖర్చు బ్లైండుకు ఇంచుమించు పదింతలు. టేకు చెక్కకే సగం పోయింది, మిగతాది బందులు, గడియలు, వార్నిషు, కూలి. వాన పడితే గ్రిల్లులోంచి చెయ్యి దూర్చి రెక్క లాక్కోవాలి. జులైలో చెక్క ఉబ్బి ఒక రెక్క బిగుసుకుపోయింది, చిత్రిక పట్టించాను. వేసవిలో ఇప్పుడు అదే రెక్క దగ్గర సందు.

అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కిటికీలకు నాలుగు రెక్కలుండేవి, కింద రెండు, పైన రెండు. కిందివి మూస్తే వీధిలో పోయేవాళ్ళకు మనం కనబడం, పైవి తెరిస్తే వెలుగు, గాలి. బ్లైండు సరిగ్గా దీనికి తలకిందులు. పైనుంచి దిగుతుంది కాబట్టి, మనల్ని దాచేలోపు ముందు ఆకాశాన్ని దాచేస్తుంది. మా షట్టర్లు కూడా నాలుగు రెక్కలుగానే చేయించాను.

ఏ కిటికీకి ఏదన్నది దిక్కును బట్టి తేలుతుంది. విజయవాడలో మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా పోతాడు. ఆ మూడు నెలలూ దక్షిణపు కిటికీలో నేరుగా ఎండ పడదు. చలికాలంలో పడే ఎండ తీపిగానే ఉంటుంది. అక్కడ బ్లైండు చాలు. తూర్పు ఎండ పొద్దున్నే వచ్చి పోతుంది, తెల్లటి బ్లైండుతో సర్దుకోవచ్చు. పడమరకు షట్టరే.

ఫ్లాటులో ఉండేవాళ్ళకు ఇదంతా కుదరదు. అయిదో అంతస్తులో బయటి వైపు చెక్క రెక్కలు బిగిస్తామంటే అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరు, గాలివానకు ఊడితే కింద ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూసుకోవాలి. పడమర బాల్కనీ ఉంటే వెదురు పుల్లల తెర వేలాడదీయండి. గాజుకు బయట ఉంటుంది కాబట్టి బ్లైండు కంటే వేడిని బాగా ఆపుతుంది, ఖర్చూ తక్కువే. వానకు నల్లబడుతుంది, తాడు చివుకుతుంది, కొన్నేళ్ళకు మార్చుకోవాలి. అద్దె ఇంటికైనా ఇదే నా సలహా. ఒక ఇంటి కిటికీకి కొలిచి చేయించిన బ్లైండు ఇంకో ఇంటి కిటికీకి సరిపోవడం అరుదు.

వట్టివేళ్ళ తడికల సంగతి అడిగేవాళ్ళున్నారు. నీళ్ళు చల్లిన తడిక చల్లదనం పొడి గాలిలోనే తెలుస్తుంది. హైదరాబాదులో, కర్నూలులో బాగుంటుంది, మా దగ్గర చెమట పోసే రోజుల్లో తడే మిగులుతుంది. సముద్రపు ఒడ్డున ఉండేవాళ్ళ లెక్క వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఎన్నో ఇళ్ళ కిటికీ అద్దాలు పగిలాయి. అలాంటి చోట గట్టి గడియలున్న బయటి రెక్కలు గాజుకూ కొంత కాపు. ఉప్పుగాలికి ఇనప బందులు తుప్పు పడతాయి, ఇత్తడివి వేయించుకోవాలి.

మా ఇంట్లో ఇంకా తేలనిది ఉత్తరపు కిటికీ ఒక్కటే. ఉత్తరానికి ఎండ రాదనుకుంటాం గానీ, జూన్‌లో సూర్యుడు పడమర నుంచి బాగా ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు, ఆరింటికి కిరణాలు ఏటవాలుగా నేరుగా లోపలికే. నెలన్నర ఎండ కోసం టేకు షట్టర్లు చేయించడానికి మావారు ఒప్పుకోవడం లేదు. పడకగదిలోంచి తీసిన ఆ కాఫీ రంగు బ్లైండును అక్కడ పెట్టి చూశాను, నాలుగంగుళాలు చాలలేదు. ప్రస్తుతానికి పాత దుప్పటి వేలాడుతోంది.